బతుకమ్మ పాట మీద కాపీరైట్ క్లెయిమ్: వీడియో తీసెయ్యొద్దు, సంతకం పెట్టొద్దు

తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి. నువ్వు పెట్టిన మూడో ఫొటోలో మీ నాయనమ్మ ఆధార్ జిరాక్స్ పన్నెండు అంకెలతో సహా కనిపిస్తోంది. అది వెంటనే తీసేసి, అంకెలు కప్పి మళ్లీ పెట్టు. మిగతాది ఆ తర్వాత చదువు.

కొత్తగా చదివేవాళ్ల కోసం నీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీది కల్వకుర్తి దగ్గర ఊరు. సద్దుల బతుకమ్మ నాడు మీ నాయనమ్మ వాకిట్లో కూర్చుని ఉయ్యాల పాట పాడింది. నువ్వు ఫోన్లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టావు. మూడు రోజులకు ఒక మ్యూజిక్ కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఆ వారంలోనే ఆ కంపెనీ తరఫు మనిషినంటూ ఒకాయన వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. వీడియో తీసెయ్యకపోతే సెక్షన్ 63, సెక్షన్ 66ఎ కింద కేసు పెడతామన్నాడు. మర్నాడు ఫోన్ చేసి, ఐదు వేలు ఇస్తాం, అగ్రిమెంటు మీద నాయనమ్మ సంతకం, ఆధార్ పంపించు, మేము పంపిన యాప్ ఎక్కించుకో అన్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. వీడియో తీసెయ్యాలా, సంతకం పెట్టాలా అని నువ్వు అడిగావు.

రెండూ వద్దు. ఎందుకు వద్దో వివరంగా చెబుతాను. నేను నల్లగొండ కోర్టులో ఇరవై ఆరేళ్లుగా వకీలుగా ఉన్నాను. ఎక్కువగా భూమి తగాదాలే చూస్తాను. కానీ చదువుకునే రోజుల్లో ప్రకాశం బజార్‌లో ఒక క్యాసెట్ల దుకాణంలో సాయంత్రాలు పనిచేశాను. అప్పుడు పరిచయమైన కళాకారులు ఇప్పుడు తమ పాటల కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అట్లా ఈ విషయం నాకు పట్టుబడింది.

మొదట నీకు వచ్చింది ఏమిటో తెలుసుకో. అది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. కంటెంట్ ఐడీ అనే యంత్రం యూట్యూబ్‌లో 2007 నుంచి ఉంది. కంపెనీలు తమ పాటలను నమూనాగా అందులో పెడతాయి. కొత్తగా ఎవరు ఏం పెట్టినా యంత్రం ఆ నమూనాలతో పోల్చి చూస్తుంది. రికార్డింగు ఒకటే అయితేనే కాదు, బాణీ కలిసినా పట్టుకుంటుంది. నీ వీడియోను ఆ కంపెనీలో మనిషి అనేవాడు ఎవరూ చూసి ఉండకపోవచ్చు. క్లెయిమ్ వల్ల నీ ఛానల్‌కు మచ్చ పడదు. వీడియో మీద ప్రకటనల డబ్బు వస్తే వాళ్లకు పోతుంది, లేదా వీడియో కొన్నిచోట్ల కనబడకుండా పోతుంది. స్ట్రైక్ వేరు, అధికారికంగా నోటీసు ఇచ్చి వీడియో తీయిస్తే పడేది అది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. నీకు ఇప్పటికి ఒక్కటీ పడలేదు.

నీ వీడియో నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండుసార్లు విన్నాను. రెండు నిమిషాలు దాటాక వెనకాల పక్క బజార్ డీజే బాక్సు వినిపిస్తోంది. అందులో వచ్చేది నిజంగానే ఏదో కంపెనీ పాట. యంత్రం దాన్నే పట్టుకుని ఉంటే తప్పు మన వైపే ఉందని చెప్పేవాణ్ని. అప్పుడు యూట్యూబ్ స్టూడియోలోనే ఆ ముక్క కత్తిరించుకోవచ్చు, లేదా అంతవరకు సౌండ్ తీసేయవచ్చు. కానీ నీ స్క్రీన్‌షాట్‌లో క్లెయిమ్ 14వ సెకను నుంచి 1 నిమిషం 52 సెకన్ల దాకా అని ఉంది. అక్కడ మీ నాయనమ్మ గొంతు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల చప్పట్లు తప్ప ఇంకేమీ లేవు. చప్పట్ల మధ్య గాజుల చప్పుడు కూడా తెలుస్తోంది. అంటే వాళ్లు నాది అంటున్నది ఆ పాటనే.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. ఒక పాటలో చట్టానికి నాలుగు వేర్వేరు వస్తువులు కనబడతాయి: మాటలు, బాణీ, పాడిన గొంతు, రికార్డింగు. ఒకే చెలకలో పట్టా ఒకరిది, పైరు కౌలుదారుది ఉన్నట్టే, ఒక పాటలో ఈ నాలుగింటికీ నలుగురు హక్కుదారులు ఉండొచ్చు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మాటలకు, బాణీకి రచయిత బతికినంత కాలం, ఆయన పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రికార్డింగుకు అది విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. పాడినవాళ్లకు వేరుగా ప్రదర్శకుల హక్కు ఉంది, అది 50 ఏళ్లు.

మీ నాయనమ్మ ఆ పాటను వాళ్లమ్మ దగ్గర, ఆమె తన అత్తగారింట్లో నేర్చుకున్నారని రాశావు. ఎవరు కట్టారో తెలియకుండా తరాలుగా నోటినుంచి నోటికి వచ్చిన మాటలకు, బాణీకి ఇవాళ యజమాని లేడు. ఎవరైనా పాడుకోవచ్చు. ఆ కంపెనీ కూడా పాడించుకోవచ్చు. వాళ్లు కీబోర్డు, డప్పులు పెట్టి చేయించిన రికార్డింగు వాళ్లదే, అందులో కొత్తగా రాయించిన చరణాలుంటే అవీ వాళ్లవే. నువ్వు ఆ రికార్డింగును ఎత్తి పెడితే తప్పు. కానీ పాత పాటను తమ నమూనాలో పెట్టుకున్నంత మాత్రాన ఆ పాట వాళ్ల పట్టా కాదు. వేరే ఎవరికీ లేని హక్కు తమకు ఉన్నవాటినే నమూనాగా పెట్టాలని యూట్యూబ్ సొంత నియమమే చెబుతుంది. ఆ నియమాన్ని పక్కన పెట్టి ఊరి బాణీని తమ కంపోజిషన్‌గా రాయించుకుంటున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. యంత్రం తప్పు చేసిందంటే సరిదిద్దుకోవచ్చు. దానికి తప్పుడు రికార్డు ఇచ్చింది మనిషి.

పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎక్కడో నేసిన బట్టను పోచంపల్లి ఇకత్ అని అమ్మితే అడిగే హక్కు మన నేతగాళ్లకు ఉంది. ఆ చట్టం వస్తువులకే, పాటలకు వర్తించదు. ఊరుమ్మడి పాటను ఊరి పేరున కాపాడే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అది ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పటికైతే ఉన్నదానితోనే పోరాడాలి.

ఉన్నది తక్కువేమీ కాదు. నీ వీడియోలో రికార్డింగు ఎవరిది? చట్టం దృష్టిలో రికార్డింగుకు పూనుకుని బాధ్యత తీసుకున్న మనిషే దానికి నిర్మాత. అంటే ఫోన్ పట్టుకున్న నువ్వు. గొంతు మీ నాయనమ్మది, ఆమె ప్రదర్శకురాలు. ఆమె అనుమతి లేకుండా ఆ పాడడాన్ని ఎవరూ రికార్డు చేసి అమ్ముకోకూడదు, ఆమె పేరు చెప్పాలని అడిగే హక్కూ ఆమెకు ఉంది. పాలమూరు పండుగ సాయన్న కథ ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ కథను పన్నెండు మెట్ల కిన్నెర మీద దర్శనం మొగులయ్య చెప్పినప్పుడు ఆ చెప్పడం మీద హక్కు ఆయనది. 2022లో పద్మశ్రీ అందుకున్న ఆయనకు ఉన్న ఆ హక్కే, వాకిట్లో కూర్చుని పాడిన మీ నాయనమ్మకూ ఉంది. ఆమె మధ్యలో బొంబాయి పోయిన కొడుకు మీద రెండు చరణాలు సొంతంగా కట్టిందన్నావు కదా, ఆ రెండు చరణాలకు రచయిత ఆమే. వాటి మీద హక్కు ఆమె తదనంతరం మీకు వస్తుంది. వాటిని ఇవాళే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి దాచు.

ఇక డిస్ప్యూట్, అంటే ఆ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లోనే పెట్టే అభ్యంతరం. అది ఎట్లా పెట్టాలంటే, పెద్ద పెద్ద మాటలు వద్దు. నేనైతే ఇట్లా రాస్తాను: "ఇది తరతరాలుగా పాడుతున్న సంప్రదాయ బతుకమ్మ పాట. పాడింది మా నాయనమ్మ. ఫలానా తేదీన మా ఇంటి ముందు నా ఫోన్లో నేనే రికార్డు చేశాను. క్లెయిమ్ చేసిన భాగంలో ఎవరి రికార్డింగూ వాడలేదు. అందులో వాద్యాలు లేవు." ఇంతే. దీన్నే ఇంగ్లిషులో కూడా పెట్టు. ఒరిజినల్ ఫైలు ఫోన్లో నుంచి తీసెయ్యకు, వాట్సాప్‌లో పంపిన కాపీ సరిపోదు. రికార్డు చేసిన తేదీ, సమయం ఒరిజినల్‌లోనే ఉంటాయి.

డిస్ప్యూట్ పెట్టిన రోజు నుంచి కంపెనీకి 30 రోజుల గడువు. వాళ్లు పలక్కపోతే క్లెయిమ్ దానంతట అదే పోతుంది. నేను చూసిన వాటిలో చాలావరకు ఇక్కడే తెగిపోయాయి. వాళ్లు ఒప్పుకోకపోతే నువ్వు అప్పీలు చెయ్యొచ్చు, దానికి వాళ్లకు 7 రోజులే. అప్పుడు వాళ్లు వదులుకోవాలి, లేదా వీడియో తీసెయ్యమని యూట్యూబ్‌కు అధికారికంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఇస్తే నీకు స్ట్రైక్ పడుతుంది. దాని మీద నువ్వు కౌంటర్ నోటిఫికేషన్, అంటే ఆ నోటీసు తప్పని అధికారిక జవాబు, వేస్తే, కోర్టుకు వెళ్లినట్టు చూపించడానికి వాళ్లకు 10 పనిదినాలు ఉంటాయి. అయితే ఈ చివరి మెట్టు 1998 నాటి అమెరికా చట్టం మీద నడుస్తుంది. అందులో నీ పూర్తి పేరు, చిరునామా అవతలివాళ్లకు వెళ్తాయి. అక్కడిదాకా వస్తే వకీలుకు చూపించకుండా సబ్మిట్ చెయ్యొద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన దగ్గర గట్టు తగాదా వస్తే ఏం చేస్తాం? సర్వేయర్ వస్తాడు, గొలుసు పట్టి కొలుస్తాడు, తర్వాతే రాయి పాతుతారు. ఇంటర్నెట్లో ముందు రాయి పాతేస్తున్నారు, కొలత తర్వాత. నీ పొలం నీదని నువ్వు రుజువు చేసుకునేదాకా పంట అవతలివాడు కోసుకుంటాడు. కోర్టులో అయితే దావా వేసినవాడే తన హక్కు నిరూపించుకోవాలి. పెద్ద కంపెనీలు సొంత నియమాలతో ఆ భారాన్ని తీసి మన నెత్తిన పెట్టాయి. నోరున్నవాడు, ఇంగ్లిషు వచ్చినవాడు డిస్ప్యూట్ పెడతాడు. మిగతావాళ్లు భయపడి తీసేస్తారు. అట్లా తీసేసిన వీడియోల్లో ఎంతమంది ముసలమ్మల పాటలు పోయాయో తలచుకుంటే బాధేస్తుంది.

మన చట్టం ఇంతకంటే న్యాయంగా ఆలోచించింది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, 2013 నాటి కాపీరైట్ నియమాల్లో 75వ నియమంలో ఒక పద్ధతి ఉంది. తన సర్వర్లో తాత్కాలికంగా నిలవుండే సరుకు మీద హక్కుదారుడు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, ఆ సంస్థ 36 గంటల్లో దాన్ని ఆపాలి. ఫిర్యాదు చేసినవాడు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చు. ఆ 'వచ్చు' అన్న చోట 'తీరాలి' అని ఉంటే ఇంకా బాగుండేది. అయినా కోర్టుకు పోవాల్సింది ఫిర్యాదు చేసినవాడే అన్న న్యాయం అందులో ఉంది.

వాట్సాప్ బెదిరింపు సంగతికి వస్తాను. సెక్షన్ 66ఎ ఇప్పుడు లేదు. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. చచ్చిన సెక్షన్ పేరుతో భయపెడుతున్నాడంటే ఆ మనిషికి చట్టం తెలియదు, లేదా నీకు తెలియదని నమ్ముతున్నాడు. కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 63 మాత్రం నిజమే. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అందులో ఉన్నాయి. కానీ అది తెలిసీ కావాలని ఇతరుల హక్కును ఉల్లంఘించినవాడి మీద. నాయనమ్మ పాట నాయనమ్మ పాడితే అది రాదు. పైగా అదే చట్టంలో సెక్షన్ 60 ఉంది. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరించేవాళ్ల మీద మనమే కోర్టుకు వెళ్లి, బెదిరింపు ఆపమని ఉత్తర్వు, జరిగిన నష్టానికి పరిహారం అడగవచ్చు. ఆ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకు. నంబరు, తేదీ కనబడేట్టు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టు.

ఇప్పుడు అసలు ప్రమాదం. క్లెయిమ్ కంటే నన్ను భయపెట్టింది ఆ అగ్రిమెంటు. ఎందుకో ఒక సంగతి చెబితే అర్థమవుతుంది.

ఎనిమిదేళ్ల కింద దేవరకొండ వైపు నుంచి ఒక ఒగ్గు కథ పెద్దాయన నా ఆఫీసుకొచ్చాడు. కథల మధ్యలో పాడే పాటలు చాలా ఆయన సొంతంగా కట్టినవి. ఆ పాటలే కొడుకు ఫోన్లో పాడి పెడితే, 1999లో ఆయనతో క్యాసెట్ చేయించిన కంపెనీ నుంచి క్లెయిమ్ వచ్చింది. రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు మడతలు పెట్టిన ఇరవై రూపాయల స్టాంపు కాగితం తీశాడు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. పైన పన్నెండు లైన్లు తెలుగు టైపు, కింద రెండు లైన్లు ఇంగ్లిషు, ఆ ఇంగ్లిషు లైన్ల మీదనే సగం పడేట్టు నీలం వేలిముద్ర. తెలుగులో రెండు వేల రూపాయలు ముట్టినట్టు ఉంది. ఇంగ్లిషులో పాటల మీద సర్వహక్కులూ కంపెనీవని ఉంది. చదివి చెప్పారా అని అడిగాను. "ఏడ చదివిండ్రు సారూ, ఏలు పెట్టుమన్నరు, పెట్టిన" అన్నాడు.

ఆయన్ను కాపాడింది ఆ కాగితంలో ఉన్న మాట కాదు, లేని మాట. హక్కులు ఎంతకాలానికి ఇచ్చారో అందులో రాయలేదు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే అది ఐదేళ్లే. ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. అంటే ఆ పాటల రచన మీద హక్కు 2004లోనే పెద్దాయనకు తిరిగొచ్చేసింది. పాత క్యాసెట్ రికార్డింగు కంపెనీదే, అది మేము అడగలేదు. కొత్తగా పాడుకోవడాన్ని మాత్రం వాళ్లు ఆపలేరని ఒకటిన్నర పేజీల జవాబు పంపాం. నెల తిరక్కుండా క్లెయిమ్ వెనక్కి తీసుకున్నారు. హక్కు తిరిగొచ్చాక కూడా ఆయన తన సొంత పాట తాను పాడడానికి పద్నాలుగేళ్లు జంకాడు. పెళ్లిళ్లలో ఎవరైనా ఆ పాట అడిగితే, అది కంపెనీకి ఇచ్చేసిన, పాడరాదు అని చెప్పేవాడట.

ఇప్పటి కంపెనీలు ఆ లోటు పూడ్చేశాయి. నీకు పంపిన అగ్రిమెంటులో నాలుగో పేరా చూడు. "విశ్వమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న, ఇక ముందు రాబోయే అన్ని సాంకేతిక మాధ్యమాల్లో" అని ఉంది. ఐదు వేలకు శాశ్వతంగా. 2012 సవరణ తర్వాత పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు ఒక రక్షణ వచ్చింది. రికార్డింగులో వాళ్ల రచన వాడుకున్నందుకు వచ్చే రాయల్టీలో సగ భాగం అడిగే హక్కును వాళ్లు వదులుకుంటామని రాసినా ఆ రాత చెల్లదు. కాబట్టి ఏడో పేరాలో "రాయల్టీ కోరబోము" అన్న మాట మీ నాయనమ్మ చరణాల విషయంలో నిలవదు. అయినా నిలవని మాట మీద సంతకం పెట్టి, తర్వాత కోర్టులో అది నిలవదని వాదించడం ఎందుకు?

"రాబోయే సాంకేతిక మాధ్యమాలు" అన్నది ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇవాళ పది నిమిషాల గొంతు దొరికితే ఏఐ ఆ గొంతుతో కొత్త పాటలు పాడిస్తుంది. 2024 జులైలో బాంబే హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అట్లా అనుకరించడాన్ని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అందుకు ఆయన అనుమతి ఇవ్వలేదు కాబట్టి ఆపగలిగాడు. మీ నాయనమ్మ ఆ పేరా మీద సంతకం పెడితే, రేపు ఆమె పాడని పాట ఆమె గొంతుతో వినిపిస్తే ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

ఆధార్ విషయం. సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో, ప్రైవేటు కంపెనీలు ఒప్పందం పేరుతో ఆధార్ అడగడానికి వీలు కల్పించిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టేసింది. పాట ఒప్పందానికి ఆధార్ అక్కర్లేదు. డబ్బు ఇస్తే పన్ను లెక్కకు పాన్ అడగవచ్చు, బ్యాంకు ఖాతా నంబరు కావాలి, అంతే. ఏదో ఒక గుర్తింపు కావాల్సిందే అంటే ఓటరు కార్డు ఇవ్వండి, లేదా చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. ఆ కాపీ మీద అడ్డంగా ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇచ్చారో పెన్నుతో రాయండి. ఇప్పటికే జిరాక్స్ పంపేశావు కాబట్టి ఈ రోజే ఎం-ఆధార్ యాప్‌లో నాయనమ్మ బయోమెట్రిక్ లాక్ చెయ్యి.

ఆ యాప్ మాత్రం ముట్టుకోకు. పాటల కంపెనీకి నీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు, మెసేజ్‌లు ఎందుకు? 2020 చివర్లో మన రాష్ట్రంలో లోన్ యాప్‌లు కాంటాక్టులు లాక్కుని చుట్టాలందరికీ ఫోన్లు చేసి ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చాయో మనం మర్చిపోలేదు. ఆ తర్వాతే, 2022లో, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు కట్టడి చేసింది. వాట్సాప్ లింకులో వచ్చే యాప్ ఆ కట్టడి కిందకు కూడా రాదు. పొరపాటున ఎక్కించి ఉంటే ఫోన్ నెట్ ఆపేసి, యాప్ తీసేసి, బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చు. డబ్బు ఏమన్నా పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. సమ్మతి అడిగే కంపెనీ, ఆ సమ్మతి పత్రాన్ని ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు అందులో ఉంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలలు గడువిచ్చారు. చట్టం పూర్తిగా నడిచేదాకా ఆగక్కర్లేదు, తెలుగులో ఇవ్వండి అని ఇప్పుడే అడగండి. ఆ వేలిముద్ర పెట్టిన పెద్దాయనను చూశాక, తెలుగులో చదివి వినిపించని కాగితం మీద ఎవరితోనూ సంతకం పెట్టించకూడదని నా ఆఫీసులో నియమం పెట్టుకున్నాను.

నిజంగానే ఆ కంపెనీకి మీ నాయనమ్మ పాట కావాలనుకుంటే మంచిదే, తలుపు వేసెయ్యొద్దు. హక్కులు రాసివ్వకుండా వాడుకోవడానికి అనుమతి మాత్రం ఇవ్వండి. మూడేళ్లకో, ఐదేళ్లకో కాలం రాయండి. వేరేవాళ్లకు కూడా ఇచ్చుకునే స్వేచ్ఛ మీకు ఉండాలి. ఆమె పేరు, ఊరు వీడియో మొదట్లో పడాలి. ఏఐ శిక్షణకు గొంతు వాడకూడదని విడిగా ఒక లైను రాయించండి. ఒకేసారి ఇచ్చే డబ్బు కాకుండా ఆదాయంలో వాటా అడగండి. వాళ్లు కాదంటే, వాళ్లకు కావాల్సింది పాట కాదు, పట్టా అని తెలిసిపోతుంది.

కింద ఇంకొకరు పెళ్లి వీడియోల గురించి అడిగారు, దానికీ ఇక్కడే చెప్పేస్తాను. బరాత్‌లో, పెళ్లి వేడుకల్లో పాటలు వేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. 52వ సెక్షన్‌లోనే ఆ మినహాయింపు ఉంది, 2023 జులై 24న కేంద్రం దాన్ని మళ్లీ స్పష్టం చేస్తూ పబ్లిక్ నోటీసు ఇచ్చింది. ఫంక్షన్ హాల్లో ఎవరైనా రసీదు పుస్తకం పట్టుకుని వస్తే ఆ నోటీసు చూపించండి. కానీ అదే వీడియోను పాటతో సహా యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి, దానికి ఈ మినహాయింపు రాదు. అట్లాగే డబ్బులిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని డబ్బిచ్చిన మీరే. అడక్కుండా స్టూడియోవాళ్లు మీ బిడ్డ ఫొటోను ఫ్లెక్సీ మీద వేస్తే తీయమని అడిగే హక్కు మీకుంది.

చివరగా, కోర్టుకు పోవాల్సి వస్తే బొంబాయి దాకా తిరగాలా అని మీ నాన్న అడిగాడన్నావు. అక్కర్లేదు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసుకోవచ్చు. మీ నాయనమ్మ నాగర్‌కర్నూల్ కోర్టుకు బస్సులో పొద్దున పోయి మాపటికి ఇంటికి రావచ్చు. కంపెనీవాళ్లే అక్కడికి రావాలి. ఈ ఒక్క సెక్షన్ గురించి నా దగ్గరికి వచ్చే ప్రతి కళాకారుడికీ రాసిచ్చి పంపుతాను, జేబులో పెట్టుకో అని. యూట్యూబ్ మీదే ఫిర్యాదు ఉంటే ముందు వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయాలి. ఆయన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో కేంద్రం పెట్టిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చు, ఫీజు లేదు.

ఇంకొక చిన్న కోరిక. ఈసారి నాయనమ్మ పాడేటప్పుడు పాటకు ముందు ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర, ఏ వయసులో నేర్చుకుందో ఆమె నోటితోనే చెప్పించి రికార్డు చెయ్యి. డీజే బాక్సులు లేని రోజు చూసుకో. బొంబాయి చరణాలు కట్టిన సంగతి కూడా అడుగు. కోర్టులో అది సాక్ష్యంగా పనికొస్తుంది. అది నేను వినాలని కూడా ఉంది.

డిస్ప్యూట్ ఈ రాత్రే పెట్టు. పెట్టగానే వచ్చే ఈమెయిల్‌లోని తేదీ ఇక్కడ రాస్తే, 30వ రోజు ఎప్పుడో లెక్కగట్టి నా డైరీలో రాసుకుంటాను.